దల్మా మీద ఆకుకూత

మా బావకు తుపాకీ పట్టుకోవడం కూడా సరిగ్గా రాదు. అయినా డెబ్బైల మొదట్లో జంషెడ్‌పూర్ పక్కన పర్సుడీహ్‌లోని మా తెలుగువాళ్ల మధ్య షికారు మాట వస్తే ముందు ఆయన్నే తలుచుకునేవారు. చెట్టు ఆకు ఒకటి కోసి, మధ్యకు మడిచి, పెదవుల మధ్య పెట్టుకుని ఊదితే, కొండగొర్రె పిల్ల తల్లి కోసం ఏడ్చినట్టే ఉండేది. ఎర్రటి ఒంటితో, మేకంత ఎత్తులో ఉండి, కుక్కలా మొరిగే జింకను మా వైపు కొండగొర్రె అంటారు. జంషెడ్‌పూర్ చుట్టుపక్కల దాన్ని కోట్రా అనేవారు. పాలకొండ కొండల కింద పుట్టిన బావకు ఆ కూత చిన్నప్పుడే పట్టుబడింది. తర్వాత టాటానగర్ రైల్వేలో వ్యాగన్లు బాగుచేసే ఫిట్టరుగా చేరాడు. అక్కను పెళ్ళి చేసుకుని రైల్వే లైనుకు దగ్గర్లోనే రెండు గదుల ఇంట్లో కాపురం పెట్టాడు.

నేను ఐటీఐ పూర్తిచేసి వాళ్ల ఇంటికి వచ్చాను. నాకు పని ఇప్పించింది ఒక కాంట్రాక్టరు. ఆయనదీ మా జిల్లాయే. కూలిపనికి వచ్చి, వెల్డరై, ఖర్కాయి నదికి అవతల ఆదిత్యపూర్‌లో లారీల విడిభాగాలు చేసే చిన్న షెడ్డు పెట్టుకున్నాడు. అందులో నేను లేత్ మిషను మీద పనిచేసేవాణ్ని. ఆయన మాట కటువుగా ఉండేది గానీ, ఊరి నుంచి వచ్చిన వాడెవడూ ఆయన గుమ్మం దగ్గరి నుంచి ఖాళీగా వెళ్ళలేదు. ఆయనకు ఒక జీపూ ఒక తుపాకీ ఉండేవి. శీతాకాలం చివరి నుంచి ఎండలు ముదిరేదాకా, ఆదివారాలు తెల్లవారకముందే బావను ఎక్కించుకుని, మాన్‌గో వంతెన దాటి, రాంచీ రోడ్డు మీదుగా దల్మా కొండకు పోయేవాడు.

వాళ్లతో నేను ఒక్కసారే వెళ్ళాను. ఇప్పపూలు రాలే రోజులు. చెట్ల కింద నేలంతా పసుపుపచ్చగా, పులిసిన తీపి వాసన. బావ ఒక బండ వెనక చేరి ఊదాడు. కాసేపు ఆగి మళ్ళీ ఊదాడు. కాంట్రాక్టరు పక్కనే మోకాలి మీద కూర్చున్నాడు. పొదల్లోంచి కొండగొర్రె వచ్చింది. చెవులు ముందుకు పెట్టుకుని గబగబా వస్తోంది. ఎవరో పిలిస్తే చేతిలో పని వదిలి వచ్చిన మనిషిలా ఉంది దాని నడక. తుపాకీ పేలింది. నేను బావ వైపు చూశాను. ఆయన అప్పటికే మొహం అటు తిప్పుకుని అగ్గిపెట్టె వెతుక్కుంటున్నాడు. అలవాటైన పని కదా, ఇక చూడ్డానికి ఏముంటుందిలే అనుకున్నాను.

ఆ రోజు మా వాటా మాంసం అక్క వండింది. బాగుంది. అందరం తిన్నాం.

డెబ్బైల మధ్యలో ఆ కొండను అభయారణ్యం చేశారు. రాంచీ రోడ్డు నుంచి అడవిలోకి మళ్ళే చోట హిందీలో బోర్డు పెట్టారు. లోపల కట్టెలు కొట్టకూడదు, నిప్పు పెట్టకూడదు, వేటాడకూడదు. ఆ తర్వాతి ఆదివారం జీపు వస్తే బావ గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నేను రానండి. కేసయితే రైల్వేవోళ్ళు ఊరుకోరు. నౌకరీ పోతాది."

"ఎవడు సూత్తాడయ్యా! అంత కొండకి ముగ్గురు గార్డులు," అని నవ్వాడు కాంట్రాక్టరు.

"ముగ్గురైనా ఉన్నారు కదండీ," అన్నాడు బావ.

ఆయన బలవంతపెట్టలేదు. కోపం కూడా తెచ్చుకోలేదు. కూత వేయడానికి ఇంకెవరినో చూసుకున్నాడని తర్వాత షెడ్డులో విన్నాను. నా పని మామూలుగానే సాగింది. బావ ఆదివారాలు నిద్రపోవడం, కూరగాయలు తేవడం, పక్కింటివాళ్లతో పేకాడడం మొదలుపెట్టాడు. అడవి మాటే ఇంట్లో వినపడేది కాదు. ఒక్క అక్క మాత్రం కూతురికి అన్నం పెట్టేటప్పుడు, "మీ నాన్న పిలిత్తే జింకలొచ్చీవే," అని కథలా చెప్పేది.

ఎనభైల మొదట్లో ఒక శీతాకాలం, రైల్వే కాలనీలోని మా తెలుగువాళ్లందరూ కలిసి పిక్నిక్ పెట్టుకున్నారు. ఎక్కడికి అన్న చర్చ చాలా రోజులు నడిచి, చివరికి దల్మా అని తేలింది. కొండ మీద శివుడి గుడి ఉందని ఆడవాళ్లు, ఏనుగులున్నాయని పిల్లలు పట్టుబట్టారు. బస్సు మాట్లాడుకుని, పులిహోర, వంకాయ కూర, పూరీలు కట్టుకుని పొద్దున్నే బయల్దేరాం.

కొండ కింద చెక్‌పోస్టులో అనుమతి రాయించుకున్నాక, మాతో ఒక గార్డును పంపారు. బావ వయసే ఉంటుంది. కొండ కిందనున్న ఆదివాసీ పల్లెలో మనిషి. వెలిసిన ఖాకీ చొక్కా, టైరు చెప్పులు. హిందీ నెమ్మదిగా, ఒక్కో మాటా చూసుకుని మాట్లాడేవాడు. సాల చెట్ల మధ్య బాటమ్మట నడిపించుకుంటూ, ఎలుగుబంటి తవ్విన చెదపుట్టను, ఏనుగు ఒళ్ళు రుద్దుకున్న చెట్టును చూపించాడు. చెట్టు మీద ఎండిన మట్టి నా తలకంటే ఎత్తున ఉంది. ఏనుగులేవని పిల్లలు అడిగితే, వరి పండే రోజుల్లో బెంగాల్ వైపు దిగుతాయని, ఇప్పుడు సగం గుంపు దారిలో ఉంటుందని, ఎండలు ముదిరేలోపు నీళ్ల కోసం అన్నీ తిరిగి వస్తాయని చెప్పాడు. పిల్లలకు ఆ జవాబు నచ్చలేదు.

అడవి శాఖవాళ్లు వాగుకు అడ్డంగా కట్ట పోసి నీళ్లు నిలబెట్టిన చోటికి చేరాం. దాన్ని అక్కడ బాంధ్ అంటారు. ఒడ్డున, మనుషులు చాటుగా కూర్చుని చూసేందుకు రాళ్లతో కట్టిన గోడ ఉంది. గోడ వెనక చాలాసేపు కూర్చున్నాం. ఒక నీటికోడి తప్ప ఏమీ రాలేదు. "దీనికన్నా ఊళ్ళో పార్కే నయం," అన్నారెవరో. గుడికి దారి అడుగుతున్న పెద్దవాళ్లను వెంటబెట్టుకుని గార్డు కొంచెం ముందుకు వెళ్ళాడు.

అప్పుడు మా మేనకోడలు తండ్రి చొక్కా పట్టుకుంది. బడికి వెళ్ళడం మొదలుపెట్టాక అది ఇంట్లో కూడా హిందీయే మాట్లాడేది.

"పాపా, ఆప్ బులావో నా! మమ్మీ బోలీ థీ, ఆప్‌కో ఆతా హై." జింకను పిలవమని, ఆయనకు వచ్చని అమ్మ చెప్పిందని దాని పేచీ.

"ఉష్! ఊరుకో. అవన్నీ ఎప్పుడో మాటలు," అన్నాడు బావ.

కానీ పక్కవాళ్లు విన్నారు. ఒక్కసారి ఊదండి, పిల్లలు ఇంతదూరం వచ్చి ఏమీ చూడకుండా పోతారా అని మొదలుపెట్టారు. బావ నా వైపు చూశాడు. పక్కనున్న కొమ్మ నుంచి ఆకు కోసి, మడిచి, పెదవుల మధ్య పెట్టుకున్నాడు.

ఇన్నేళ్ల తర్వాత కూడా కూత అలాగే ఉంది. రెండోసారి ఊదేసరికి పిల్లలు మాట్లాడడం మానేశారు. అవతలి ఒడ్డున పొదలు కదిలాయి. కొండగొర్రె బయటికి వచ్చింది. చెవులు ముందుకు పెట్టుకుని, అదే తొందర నడకతో నీళ్ల అంచు దాకా వచ్చి ఆగింది.

ఎవరూ కదల్లేదు. అది మా వైపు చూసింది. తర్వాత తల దించి నేలను వాసన చూసింది. అటు కొన్ని అడుగులు వేసి, ఆగి, చెవులు తిప్పి విని, మళ్ళీ ఇటు వచ్చింది. ఒక పొద కింద మూతి పెట్టి చూసింది. ఇంకో పొద కింద చూసింది. ముందుకాలితో నేలను తన్నింది. అలా ఎంతసేపు తిరిగిందో చెప్పలేను. మాలో ఎవరికో దగ్గు వచ్చింది. అది ఒక్కసారి గట్టిగా మొరిగి, తోక ఎత్తి, పొదల్లోకి దూకింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

బావ ఆకు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నేను పక్కనే ఉన్నాను.

"వచ్చినాక ఏటి సేత్తదో నానెప్పుడూ సూడ్లేదురా," అన్నాడు మెల్లగా. ఆకు కింద పడేసి, "ఎతుకుతాదన్నమాట," అన్నాడు.

మొరుగుడు విని గార్డు పరుగున వెనక్కి వచ్చాడు. ఎవరు ఊదారని అడిగితే పిల్లలందరూ గర్వంగా బావను చూపించారు.

"ఇక్కడ ఊదకూడదు," అన్నాడు గార్డు హిందీలో. గొంతు పెంచలేదు. "అది ఎక్కడో పిల్లను పడుకోబెట్టి వచ్చింది. ఇది ఇక్కడ తిరుగుతున్నంతసేపూ అక్కడ పిల్ల ఒంటరిగా ఉంటుంది. నక్కకు అంత సమయం చాలు."

బావ తప్పయిందన్నాడు. అందరూ భోజనాలకు లేచారు. తిరిగి కిందికి దిగేటప్పుడు గార్డు కావాలనే నెమ్మదిగా నడిచి మా ఇద్దరితో కలిశాడు.

"ఈ కూత నేను ఇంతకు ముందు విన్నాను," అన్నాడు. "బోర్డు పెట్టకముందు. ఇప్పచెట్ల వైపు జీపు వచ్చేది."

అబద్ధం చెప్పడానికి బావకు వీలుంది. అడవిలో ఊదేవాళ్లు ఇంకా చాలామంది ఉండవచ్చు.

"నేనే," అన్నాడు బావ.

గార్డు తల ఊపాడు. చెక్‌పోస్టు కనిపిస్తుండగా గార్డు ఆగాడు. "నాకు చూపిస్తావా, ఎలా ఊదుతారో?"

"నీకెందుకు?"

"ఇప్పటికీ ఎవరో ఊదుతున్నారు. దూరం నుంచి వింటే ఏది కోట్రాదో ఏది మనిషిదో నాకు తేలడం లేదు. మా వాళ్ల వేట ఏడాదికి ఒకసారి. డప్పులు కొట్టుకుంటూ, అందరికీ తెలిసేలా కొండ ఎక్కుతారు. వాళ్లతో ఏం మాట్లాడాలో పెద్దలకు తెలుసు. చప్పుడు చేయకుండా వచ్చేవాళ్లతోనే నా కష్టం."

ఆ చలికాలంలో బావ వీలున్న ఆదివారాలు దల్మాకు వెళ్ళాడు. మాన్‌గో నుంచి రాంచీ బస్సెక్కి, బోర్డు దగ్గర దిగి నడిచేవాడు. కొన్నిసార్లు నేనూ వెళ్ళాను. జంతువులు తిరగని రాతిగుట్ట ఒకటి చూసుకుని, గార్డు ఆ పక్కన, బావ ఈ పక్కన కూర్చునేవారు. బావ ఊదేవాడు. గార్డు వినేవాడు. తర్వాత ఇద్దరూ కలిసి బీడీ కాల్చుకుంటూ దాని గురించే మాట్లాడుకునేవారు. బావ హిందీ రైల్వే హిందీ. నట్లు, బోల్టులు, సాహెబులు దాటితే మాటలు దొరికేవి కావు. అప్పుడు నన్ను చెప్పమనేవాడు.

"పిల్ల ఏడిత్తే ఒక్కలాగుండదని సెప్పు. ఆకలేత్తే ఒకలాగ, బయమేత్తే ఒకలాగ. మజ్జిలో అలిసిపోయి ఊరుకుంటాది. మనిసి ఊదితే లెక్కపెట్టినట్టు ఒక్కలాగే ఊదుతాడు."

నేను చెప్పేవాణ్ని. గార్డు వింటూ తల ఊపేవాడు.

కూత పని ఐపోయాక కూడా వెంటనే వెనక్కి వచ్చేవాళ్లం కాదు. అక్కడ ఎప్పుడూ చేయాల్సిన పని ఉండేది. వేసవికి ముందు రాలిన ఆకులు ఊడ్చి, నేల కనిపించేలా బాటలు తీయాలి. ఒక పక్క నిప్పంటుకుంటే ఆ బాట దగ్గర ఆగిపోతుంది. ఇప్పపూలు ఏరుకునేవాళ్లు చెట్టు కింద శుభ్రంగా ఉండాలని ఆకులకు నిప్పు పెడతారు, ఒక్కోసారి అది కొండంతా పాకుతుంది. గార్డు పల్లెల్లో తిరిగి, నిప్పు పెట్టకండి, ఊడ్చుకోండి అని చెప్పేవాడట. కొందరు వినేవారు. అభయారణ్యం అంటే జంతువుల్ని చూసే చోటు అని నేను అనుకునేవాణ్ని. ఆ ఆదివారాల్లో నేను ఎక్కువగా చూసింది ఆకులు, చీపురుకట్టలు, బాంధ్‌లో పూడిన బురద. జంతువులు వాటి మానాన అవి ఎక్కడో ఉండేవి.

ఎండలు మొదలయ్యాక ఒక తెల్లవారుజామున, ఇప్పచెట్ల వైపు నుంచి కూత వినపడిందట. లెక్కపెట్టినట్టు ఒక్కలాగే. గార్డు కింది పోస్టు నుంచి మనుషుల్ని పిలుచుకుని చుట్టూ తిరిగి వెళ్ళాడు. జీపు దొరికింది, తుపాకీ దొరికింది, వెనక సీటు కింద గోనెసంచిలో కొండగొర్రె దొరికింది. ఆ జీపు మా కాంట్రాక్టరుదే.

అది ఆయన జీపే అవుతుందని బావకు ముందే తెలుసా అని నన్ను చాలామంది అడిగారు. తెలిసే ఉంటుంది. నాకూ తెలుసు. మేమిద్దరం ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తుకోలేదు.

జామీను మీద బయటికొచ్చిన మర్నాడు పొద్దున్నే కాంట్రాక్టరు మా ఇంటికి వచ్చాడు. అక్క కుర్చీ వేసింది. ఆయన కూర్చోలేదు.

"రైల్వేలో తెలుగోడొకడు వచ్చి నేర్పినాడని గార్డులే సెప్పుకుంటన్నారు. నువ్వేనా?"

"నేనేనండి," అన్నాడు బావ.

"నా జీపులో తిరిగినావు. నాతో కలిసి తిన్నావు. ఊరోడివని ఇన్నాళ్లూ తమ్ముడిలాగ సూసినాను. ఏటయ్యా ఇది?"

"మీ మీద కోపంతో సెయ్యలేదండి."

"మరెందుకు సేసినావు?"

బావ చాలాసేపు ఏదో చెప్పాలని చూశాడు. "అది ఎతుక్కుంటాదండి," అన్నాడు చివరికి.

కాంట్రాక్టరుకు అర్థం కాలేదు. నా వైపు తిరిగాడు. "నువ్వూ ఎల్లేవోడివంట కదరా."

"వెళ్ళేవాణ్నండి," అన్నాను.

"అయితే రేపట్నించి షెడ్డుకి రానక్కర్లేదు," అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

అక్క ఆ రోజు మా ఇద్దరికీ అన్నం పెట్టింది గానీ తను తినలేదు. సాయంత్రం బావ మీద విరుచుకుపడింది. "ఆడికి పని పోయింది. ఇప్పుడు కూడు ఎవులెడతారు, నీ కొండగొర్రె వచ్చి పెడతాదా? ఆయన ఎంతమందికి బతుకు సూపించినాడో నీకు తెల్దా?" ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. నాకూ కొన్నాళ్లు బావ మీద కోపంగానే ఉండేది. ఇంట్లో ఊరికే కూర్చుని ఆమె మాటలు వినడం కంటే పని వెతుక్కుంటూ ఎండలో తిరగడమే సుఖంగా ఉండేది. ఆదిత్యపూర్‌లో ఏ షెడ్డుకు వెళ్ళినా కాంట్రాక్టరు మనుషులే. చివరికి ఊరికి తూర్పున, గోవింద్‌పూర్‌లో, లారీ ఫ్యాక్టరీకి పిన్నులు చేసిచ్చే ఇంకొక చోట కుదిరాను. పర్సుడీహ్ నుంచి సైకిలు మీద చాలా దూరం. జీతం దాదాపు అదే.

కేసు కొన్నేళ్లు నడిచింది. జరిమానా కట్టించి వదిలేశారని, తుపాకీ మాత్రం తిరిగి ఇవ్వలేదని విన్నాను. తర్వాత ఒక పెళ్ళిలో కాంట్రాక్టరు ఎదురుపడ్డాడు. గోవింద్‌పూర్‌లో పని ఎలా ఉందని అడిగాడు. బాగుందన్నాను. బావతో మాత్రం మళ్ళీ మాట్లాడలేదు.

అక్క కోపం తగ్గడానికి కారణం గార్డే. ఎవరినో పెద్దాసుపత్రిలో చూపించడానికి ఊళ్లోకి వచ్చి, ఇల్లు వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చాడు. ఆకు పొట్లంలో సారపప్పు తెచ్చాడు. అక్క ముభావంగానే చేపల పులుసు వేసి అన్నం పెట్టింది. ఆయన మొహమాటపడకుండా రెండోసారి అడిగి పెట్టించుకుని తిన్నాడు. అది ఆమెకు నచ్చింది. వెళ్ళేటప్పుడు తనకు వచ్చిన హిందీలో అడిగింది: "ఉధర్ ఏనుగులు నిజంగా దిక్తాయా? నై తో అన్నీ ఊసుపోని మాటలేనా?"

ఎండాకాలంలో రమ్మన్నాడు. వెళ్ళాం. బావ, అక్క, మేనకోడలు, నేను. మిట్టమధ్యాహ్నం దాటాక బాంధ్ దగ్గర రాతిగోడ వెనక కూర్చున్నాం. అడవిలో ఆకు కదలడం లేదు. అక్క కొంగుతో విసురుకుంటూ, ఇంట్లో ఉంటే ఒక నిద్ర తీసేదాన్ని అని గొణుగుతోంది. గార్డు చెయ్యెత్తి ఆపాడు.

ఎదుటి వాలు మీద సాల చెట్ల మధ్య బూడిదరంగు నీడలు కదిలాయి. ముందు పెద్ద ఆడ ఏనుగు, వెనక ఇంకొన్ని, వాటి కాళ్ల మధ్య పిల్లలు. నీళ్లలోకి దిగి తొండాలు చాచాయి. ఒక పిల్ల కట్ట మీది నుంచి జారి బురదలో కూర్చుండిపోతే, తల్లి కాలితో వెనక నుంచి నెట్టి లేపింది. అక్క నా మోచెయ్యి పట్టుకుంది. గోళ్లు దిగాయి. మేనకోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. గుంపు వెళ్ళిపోయాక కూడా కాసేపటిదాకా నీళ్లు గోధుమరంగులో ఊగుతూనే ఉన్నాయి.

"ఓలమ్మ! అంతంత ఒళ్ళులేసుకుని ఎంత నెమ్మదిగా వచ్చినాయిరా," అంది అక్క. "మా అత్తోరింట్లో పిల్లి నడిసినా ఇంతకన్నా సప్పుడయ్యీది."

ఏనుగులు దిగిన చోట కట్ట మీద మట్టి విరిగి జారింది. బావా గార్డూ వెళ్ళి చూశారు. వానలు పడేలోపు మట్టి పోసి దిమ్మిస కొట్టకపోతే ఆ గండి పెద్దదవుతుంది, నీళ్లన్నీ పోతాయి అన్నాడు గార్డు. వచ్చే ఆదివారం పార తెస్తానన్నాడు బావ.

"నేను మాత్రం ఇంకో సద్ది కట్టనమ్మా," అంది అక్క దిగుతూ. ఆ ఆదివారం పొద్దున ఆమె రొట్టెలు, ఉల్లిపాయ కూర కట్టి ఇచ్చింది. మేమిద్దరం బస్సెక్కి వెళ్ళి, ఆ గండి పూడ్చి, చీకటి పడేసరికి ఇంటికి వచ్చాం.